ఆయనకు పార్కింగ్ దొరకని రోజు

అద్దంలో నా మొహం మళ్ళీ నా మొహంలా కనబడడం మొదలై నెల దాటింది. ఇంతకాలం రాయకుండా ఆగింది ఇందుకే. ఉబ్బిన మొహంతో రాస్తే "ఇంకా తగ్గలేదు పాపం, అందుకే ఇలా రాస్తోంది" అనేస్తారు. ఇప్పుడు తగ్గింది. డాక్టర్లు కూడా తగ్గిందనే అంటున్నారు. కాబట్టి ఇందులో కనబడే కోపం మందుల వల్ల వచ్చింది కాదు, నా సొంతం. చదివేవాళ్ళు ఆ సంగతి ముందే గమనించాలి.

నా పేరు కరుణ. మాది గుంటూరు వైపు. పెళ్ళి చేసుకుని హైదరాబాద్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మధురానగర్‌లో మూడంతస్తుల ఇంట్లో మధ్య వాటా మాది. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను, పిల్లల్ని ఇంటర్వ్యూలకు తయారుచేస్తాను. మా ఆయన ప్రభాకర్ ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తారు. ఒక్కతే కూతురు, షారోన్. ఈ గొడవంతా జరిగినప్పుడు డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది.

నాలుగేళ్ళ కిందట

నలభై మూడేళ్ళప్పుడు నాకు గర్భసంచి తీసేశారు. గడ్డలున్నాయి, రక్తం పోతోంది, తీయక తప్పదన్నారు. పనిలో పనిగా అండాశయాలు కూడా తీసేశారు. ఆ "పనిలో పనిగా" అన్నది ఆపరేషన్ చేసిన డాక్టరమ్మే. గది సర్దుతూ పాత సామాను బయట పడేసినంత తేలిగ్గా చెప్పింది. ఆ తరవాత ఒంట్లో సెగలు మొదలయ్యాయి. జనవరి చలిలో కూడా నాకు ఫ్యాను తిరగాల్సిందే. షారోన్ రెండు దుప్పట్లు కప్పుకుని సణుక్కునేది. క్లాసులో మాట మధ్యలో మెడ మీద నుంచి చెమట కారిపోయేది. అప్పుడు హార్మోన్ మాత్రలు రాసింది, రోజుకొకటి. అవి వేసుకున్నాక నేను మళ్ళీ మనిషినయ్యాను.

ఆ మాత్రలకు మా ఇంట్లో పేరు లేదు. ఇంట్లో మందులన్నీ ఫ్రిజ్ మీద తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి. మా ఆయన బీపీ మాత్రలు, జ్వరం మాత్రలు, షారోన్ ఎలర్జీ మాత్రలు, మోకాళ్ళకు రాసుకునే ఆయింట్‌మెంటు, అన్నీ అందులోనే. ఆ డబ్బా మీద పెత్తనం మా ఆయనది. ఏది ఎప్పుడు అయిపోతుందో ఆయనకు తెలుసు, తెచ్చేదీ ఆయనే. నా హార్మోన్ మాత్రలు మాత్రం వంటింట్లో, పోపుల డబ్బా వెనక. అక్కడ పెట్టమని నాకెవరూ చెప్పలేదు. ఆడపిల్లగా పెరిగినవాళ్ళకు ఇలాంటివి ఎవరూ చెప్పక్కర్లేదు.

వాటిని నేనే వెళ్ళి తెచ్చుకునేదాన్ని. మెడికల్ షాపతను అందరి మందులూ మామూలు కవర్లో వేసి ఇస్తాడు. నావి మాత్రం పాత పేపర్లో చుట్టి, దాన్ని నల్ల కవర్లో పెట్టి, అటూ ఇటూ చూసి చేతికిచ్చేవాడు. దొంగ సారా కొంటున్నానేమో అనిపించేది. మా ఆయనకు ఆ మాత్రల సంగతి తెలుసు. "నీ ఆ మాత్రలు" అనేవారు, అదీ ఎప్పుడైనా. ఆయన లెక్కలో అవి మందులు కావు. బీపీ మాత్ర మందు, జలుబు మాత్ర మందు. ఇవి ఆడవాళ్ళ గొడవలు.

నిరుడు జూన్

వానలు మొదలయ్యాక వేళ్ళు పట్టేశాయి. పొద్దున్నే పిడికిలి ముడుచుకోవడం రాదు. జడ వేసుకోవడం రాదు. బోర్డు మీద రాస్తుంటే మార్కర్ జారి కిందపడేది, పిల్లలు లేచి అందించేవాళ్ళు. వేడినీళ్ళు, కాపడాలు అన్నీ అయ్యాక మా బావగారు కల్పించుకున్నారు. బావగారంటే మా ఆయన అన్నగారు, శ్రీనగర్ కాలనీలో ఉంటారు. తెలిసినవాళ్ళతో చెప్పించి పంజాగుట్టలో ఒక కీళ్ళ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఇప్పించారు. ఇప్పించినవారు ఊరుకోకుండా తానూ వచ్చారు.

ఆ వెయిటింగ్ హాల్లో ఎంతసేపు కూర్చున్నామో గుర్తులేదు. అద్దాలు మూసి ఉన్నా ఫ్లైఓవర్ మీది హారన్లు వినబడుతూనే ఉన్నాయి. టీవీలో ఎవరో యోగా చేస్తున్నారు. వేళ్ళు వంకర్లు పోయిన మనుషుల ముందు యోగా! అక్కడున్న పేషెంట్లలో ముప్పాతిక వంతు ఆడవాళ్ళు. ఫైళ్ళు మాత్రం మగవాళ్ళ ఒళ్ళో ఉన్నాయి. అప్పుడు నేను దాన్ని చూశానంతే, ఏమీ అనుకోలేదు.

లోపలికి పిలిచారు. నేను పేషెంటు స్టూలు మీద, మా ఆయన డాక్టరుకు ఎదురుగా, బావగారు నా పక్కన.

"ఎప్పట్నుంచి ఉంది?" అడిగారు డాక్టరు.

"ఒక నెల నుంచండీ," అన్నారు మా ఆయన. రెండు నెలలు దాటింది.

"పొద్దున లేవగానే బిగుసుకుంటాయా?"

"ఓ అరగంట ఉంటుందండీ." స్కూళ్ళ బస్సులన్నీ వెళ్ళిపోయేదాకా ఉంటుంది.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"లేదు డాక్టర్ గారూ. బీపీ లేదు, షుగర్ లేదు. ఏ మందులూ లేవు. మనిషి గట్టిది," అన్నారు మా ఆయన, కాస్త గర్వంగా కూడా.

నేను నోరు తెరిచాను. పక్కన బావగారు. పెళ్ళయినప్పట్నుంచి ఆయనెదుట నేను గట్టిగా తుమ్మింది కూడా లేదు. ఆయన వింటుండగా నా గర్భసంచి సంగతి, అండాశయాల సంగతి, వాటి బదులు వేసుకునే మాత్రల సంగతి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను? నేను వెతుక్కునేలోపే డాక్టరు ప్రిస్క్రిప్షన్ రాయడం మొదలుపెట్టారు.

నువ్వు చెప్పకపోవడం వల్లే కదా అని తరవాత చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. ఆ ప్రశ్న నన్నడగలేదు. వాచిన చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నది నేను, ప్రశ్న వెళ్ళింది పక్క కుర్చీకి. అమీర్‌పేటలో రోజూ పొద్దున "మీ గురించి మీరే చెప్పాలి, కళ్ళలోకి చూసి చెప్పాలి" అని పాతికమంది పిల్లలకు నేర్పే మనిషిని. ఆ గదిలో నాకు నోరుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

స్టెరాయిడ్ మాత్రలు రాశారు. తక్కువ డోసే, వాటితో పాటు రాసిన అసలు కీళ్ళ మందు పని చేయడం మొదలెట్టేదాకా కొన్ని నెలలు వాడాలన్నారు. మా ఆయన అన్నీ శ్రద్ధగా విన్నారు. దారిలోనే మందులు కొని, ఇంటికి రాగానే ఫ్రిజ్ మీది డబ్బాలో సర్దేశారు.

వానాకాలమంతా

మొదట్లో పండగే. పిడికిలి ముడుచుకుంది. చపాతీ పిండి నేనే కలిపాను. స్టెరాయిడ్ కనిపెట్టినవాడు చల్లగా ఉండాలని దీవించాను.

తరవాత నిద్ర పోయింది. ఆకలి వచ్చింది. మామూలు ఆకలి కాదు, అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూనే మళ్ళీ గిన్నె వైపు చూసే ఆకలి. మొహం గుండ్రంగా ఉబ్బింది, బుగ్గలు కళ్ళ మీదికి వచ్చాయి. మెడ వెనక కండ పెరిగింది. తొడల్లో మాత్రం సత్తువ లేదు. నేల మీద కూర్చుంటే లేవలేను. టెస్టు చేయిస్తే షుగర్ వచ్చింది. లేదు లేదు అని మా ఆయన అంత ధీమాగా చెప్పిన షుగరే.

కీళ్ళ డాక్టరు కూడా ఆశ్చర్యపోయారు. "నేనిచ్చింది తక్కువ డోసేనండీ. ఇంతకు రెట్టింపు వాడేవాళ్ళకి కూడా ఇలా అవ్వదు. కొందరి ఒళ్ళు సెన్సిటివ్‌గా ఉంటుంది," అన్నారు, మా ఆయనతోనే. మా ఆయన తలూపారు. నా ఒళ్ళు సెన్సిటివ్ అని వాళ్ళిద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు.

మధ్యలో నాకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. అక్కడ మగవాళ్ళను లోపలికి రానివ్వరు. కాబట్టి అక్కడ నేనే చెప్పాను. "కీళ్ళ నొప్పులకు స్టెరాయిడ్ వాడుతున్నాను మేడమ్. మొహం చూడండి ఎలా అయిందో."

ఆవిడ చూసింది. "అది ఆ డాక్టరు చూసుకుంటారు లెండి. మన మాత్రలు కంటిన్యూ చేయండి," అంది.

చూశారా, నోరు తెరిచి చెప్పినచోట ఇదీ జవాబు. ఒక డాక్టరుకు చెప్పలేదని నన్ను తప్పుపట్టేవాళ్ళెవరూ, చెప్పినా వినని ఈ డాక్టర్ని ఒక్క మాటా అనలేదు.

క్రిస్మస్ ముందు

అన్నిటికన్నా ఘోరం కోపం. నాకు మొదట్నుంచీ కోపం ఉంది, కాదనను. కానీ ఇది నాది కాదు. నా కోపం వస్తుంది, పోతుంది. ఇది పోయేది కాదు. పప్పులో ఉప్పెక్కువైందన్నందుకు మా ఆయన ముందున్న కంచం గోడకేసి కొట్టాను. క్లాసులో ఒకమ్మాయి రెండోసారి తప్పు చెప్పిందని, ఆ పిల్ల ఏడ్చేదాకా అరిచాను. అది ఏడుస్తున్నా ఆపలేదు. మర్నాడు సెంటర్ మేనేజర్ నన్ను పక్కకు పిలిచాడు. వరంగల్ వైపు మనిషి, మంచివాడే.

"మేడమ్, ఏమనుకోకుండ్రి. మీరు జర రెస్ట్ తీస్కోండి. పిల్లలు భయపడ్తుండ్రు. తగ్గినంక రండి, మీ క్లాస్ ఎటూ పోదు."

ఆ రోజు ఆటోలో ఇంటికొచ్చాను. ఇంటి ముందు ఆగాక సీట్లోంచి లేవలేకపోయాను. తొడలు మాట వినలేదు. ఆటో అతను వెనక్కి తిరిగి చూసి, ఏమీ అడక్కుండానే దిగొచ్చి భుజం వంచాడు. "పట్టుకో అమ్మా. ఫికర్ చెయ్యకు, మా అమ్మకు సుత గిట్లనే ఉండె. జర పైలం." జాగ్రత్త చెబుతూనే గేటు దాకా నడిపించి వెళ్ళిపోయాడు. ఆ నెలలో నన్ను చూసి భయపడకుండా ముట్టుకున్నవాళ్ళలో అతనొకడు.

షారోన్ సంగతి రాయడం కష్టం. చర్చిలో క్రిస్మస్ పాటలకు అది ప్రాక్టీసు చేసుకుంటోంది. నాకు ఆ చప్పుడు భరించశక్యం కాలేదు. ఆపమన్నాను, దానికి వినబడలేదు. వెళ్ళి ఫోను లాక్కుని నేలకు కొట్టాను. అది నన్ను చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు అన్నాను, "నిన్ను కన్నందుకే నాకీ రోగాలన్నీ" అని.

అది ఏడవలేదు. బ్యాగు సర్దుకుని శ్రీనగర్ కాలనీలో వాళ్ళ పెదనాన్న ఇంటికి వెళ్ళిపోయింది. పరీక్షలున్నాయి, అక్కడైతే చదువు సాగుతుందని అందరికీ చెప్పారు.

నాలుగు రోజులకు బావగారు వచ్చారు. నేను పడుకున్నాననుకుని హాల్లో మాట్లాడుకుంటున్నారు.

"ఇప్పుడు చాలామంది చూపించుకుంటున్నారు ప్రభా, అందులో నామోషీ ఏం లేదు. మానసిక డాక్టర్‌కి ఒకసారి చూపిద్దాం. షారోన్ ఇంటికి రానంటోంది. అమ్మకి పిచ్చి పట్టిందా పెదనాన్నా అని నన్నే అడిగింది."

మా ఆయన ఏమన్నారో నాకు వినబడలేదు. వినాలని కూడా లేదు. షుగర్ వస్తే వచ్చింది, మొహం పోతే పోయింది. నా కూతురు నన్ను పిచ్చిదాన్ననుకుంటోంది. ఆ రాత్రి నుంచి నాకున్న భయమంతా అదే, నాకు పిచ్చి లేదని దానికి ఎవరు చెబుతారని. నేను చెబితే నమ్మదు. పిచ్చివాళ్ళంతా చెప్పేది అదే కదా.

చర్చి నుంచి ఆడవాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు. కోపమనే ఆత్మ నన్ను విడిచిపోవాలని గట్టిగా అడిగారు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను, నా గురించి ఇంకోళ్ళు మాట్లాడుతుంటే కూర్చోవడం నాకు అప్పటికి అలవాటే. అందరూ టీ తాగి చెప్పులు వేసుకుంటుంటే అన్నమ్మ గారు వెనక్కి వచ్చారు. నాకన్నా ఐదారేళ్ళు పెద్ద, ఆయాసం మనిషి, నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకుంటారు. నా ఉబ్బిన బుగ్గ మీద చెయ్యి వేసి, "నిద్ర పడుతోందా అమ్మా?" అన్నారు. అన్ని నెలల్లో ఆ ప్రశ్న నన్నే చూసి అడిగింది ఆవిడొక్కరే.

జనవరి

కొత్త సంవత్సరం వెళ్ళాక, పొద్దున వేసుకునే మాత్రల్లో చిన్న తెల్లది కనబడలేదు. మందులు తీసి చేతిలో పెట్టేది మా ఆయనే కాబట్టి ఆయన్ని అడిగాను.

"స్టెరాయిడ్ ఆపేయమన్నారు," అన్నారు.

"ఎవరు?"

"డాక్టరే. ఫోన్ చేశాను."

నమ్మాను. సంతోషించాను కూడా. మొదటి రెండు రోజులూ బాగానే ఉన్నాను. తరవాత ఒళ్ళు నేలలోకి దిగిపోతున్నంత నీరసం. కడుపులో తిప్పుతోంది, నీళ్ళు తాగినా వాంతి. లేచి నిలబడితే కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి. మంచం దిగి బాత్రూముకు వెళ్ళబోయి గుమ్మంలోనే పడిపోయాను. మా ఆయన భయపడ్డారు. ఆయన భయం నిజమైనదే, అది నేను కాదనను. కింది వాటావాళ్ళ సాయంతో కారెక్కించి సోమాజిగూడలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

ఎమర్జెన్సీ గేటు ముందు కారాపగానే వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మను దించుండ్రి సార్, కుర్చీ తెస్తున్న. గానీ బండి ఈడ ఆపొద్దు. ఎనకకు పోవాలె. ఆడ గూడ నిండింది, ఆ గల్లీల చూస్కోండి."

"నేనిప్పుడే వస్తాను కరుణా. నేనొచ్చి అన్నీ చెబుతాను, నువ్వేం కంగారు పడకు," అన్నారు మా ఆయన, ఫైలు చంకలో పెట్టుకుని.

ఫైలుతో సహా వెళ్ళిపోయారు.

లోపల మంచం మీద పడుకోబెట్టారు. చిన్న వయసు డాక్టరు, ఆడపిల్ల, జుట్టు ముడి ఊడిపోతోంది. బీపీ చూసి నర్సుకు ఏదో చెప్పింది. తరవాత నా వైపు వంగి, "అమ్మా, ఏమేం మందులు వాడుతున్నారు?" అంది.

నేను తల తిప్పి పక్కకు చూశాను. కుర్చీ ఖాళీ. అటువైపు చూశాను. కర్టెన్. మా ఆయనకు పార్కింగ్ దొరకలేదు.

"అమ్మా, మిమ్మల్నే."

అన్నీ చెప్పాను. స్టెరాయిడ్ ఎప్పుడు మొదలెట్టానో, ఎలా ఉబ్బానో, ఎలా అరిచానో, ఐదారు రోజుల కిందట ఎలా ఆగిపోయిందో. గర్భసంచి తీసేశారని, నాలుగేళ్ళుగా హార్మోన్ మాత్రలు వేసుకుంటున్నానని కూడా. మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి, అయినా ఒక్కటీ వదల్లేదు.

ఆమె రాయడం ఆపింది. "హార్మోన్ మాత్రల సంగతి మీ కీళ్ళ డాక్టర్‌కి తెలుసా?"

"తెలియదు."

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"నన్నడగలేదు."

ఆమె అది కూడా రాసుకుంది. అప్పుడే కర్టెన్ తోసుకుని మా ఆయన వచ్చారు, రొప్పుతూ, చొక్కా తడిసిపోయి. ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు. "డాక్టర్ గారూ, కీళ్ళ మందులు ఇవిగోండి, ఫైల్లో ఉన్నాయి. ఇవి తప్ప ఇంకే మందులూ లేవండీ," అన్నారు.

"పేషెంట్ చెప్పారండీ," అంది ఆమె. "మీరు బయట కూర్చోండి."

సెలైన్ ఎక్కి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడ్డాక నాకు లోకం కనబడింది. సాయంత్రం ఒక పెద్ద డాక్టరు వచ్చి వివరంగా చెప్పారు. నేను డాక్టర్ని కాను, నాకర్థమైనంతే రాస్తున్నాను. నేను మింగే రకం హార్మోన్ మాత్ర, స్టెరాయిడ్‌ను ఒంట్లోంచి త్వరగా పోనివ్వదట. అందువల్ల రాసింది తక్కువ డోసే అయినా, కొందరి ఒంట్లో అది పెద్ద డోసులా పని చేస్తుందట. ఆ నిద్ర లేకపోవడం, ఆ ఆకలి, ఆ కోపం, చాలావరకు దాని పనే. ఇక అన్ని నెలలు స్టెరాయిడ్ బయటి నుంచి వస్తుంటే ఒళ్ళు తన సొంత సరుకు తయారుచేయడం మానేస్తుందట. హఠాత్తుగా ఆపితే లోపల ఏమీ ఉండదు. అందుకే పడిపోయాను. ఇంకో రోజు ఆలస్యమైతే అన్నారు, ఆ మాట పూర్తి చేయలేదు.

"అయితే నాకు పిచ్చి లేదా డాక్టర్ గారూ?" అన్నాను.

"పిచ్చేమిటమ్మా?" అన్నారాయన.

అప్పుడు ఏడ్చాను.

మర్నాడు కీళ్ళ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి ఆ పెద్ద డాక్టరే నాకు చెప్పారు. స్టెరాయిడ్ ఆపమని వాళ్ళెవరూ అనలేదు. ఇంటి నుంచి ఫోన్ వచ్చినట్టు కూడా వాళ్ళకు తెలియదు. నేను తల తిప్పి మా ఆయన్ని చూశాను. ఆయన కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారు.

ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ నేను ఆయన్ని అడగలేదు. ఆయన చెప్పలేదు. షారోన్ వచ్చింది, మంచం చివర నిలబడింది, పండ్లు పెట్టి వెళ్ళిపోయింది. మందులన్నీ నేనే మానేసి మీదికి తెచ్చుకున్నానని దానికి చెప్పారని నాకు అప్పటికి తెలియదు.

ఎండాకాలం

డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు, చివరికి. మింగే హార్మోన్ మాత్ర తీసేసి చర్మానికి రాసుకునే జెల్ ఇచ్చారు. స్టెరాయిడ్‌ను కొంచెం కొంచెంగా, నెలల తరబడి తగ్గించుకుంటూ వచ్చారు. బుగ్గలు దిగాయి. నిద్ర వచ్చింది. సెంటర్ మేనేజర్ అన్న మాట నిలబెట్టుకున్నాడు, క్లాసు నాకే ఉంచాడు. షారోన్ మాత్రం పెదనాన్న ఇంట్లోనే ఉంది. పరీక్షలు అయిపోయినా అక్కడే ఉంది.

మాలో ఒక పద్ధతి ఉంది. జబ్బు చేసి లేచినవాళ్ళు ఆదివారం సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి, దేవుడు ఎలా గట్టెక్కించాడో. పాస్టరు గారు "సహోదరి కరుణ కుటుంబం" అని పిలిచారు. నేను చీర సర్దుకుని లేచేలోపే మా ఆయన మైకు దగ్గరున్నారు.

బాగా చెప్పారు. ఆయనకు మాట వచ్చు. "నా భార్య మందులు ఆగిపోవడంతో ప్రాణం మీదికి వచ్చింది," అన్నారు. ఎలా ఆగిపోయాయో చెప్పలేదు, వాన ఆగినట్టు అవే ఆగాయి కాబోలు. "రెండు మందులకు పడటం లేదని దేవుని దయవల్ల మేం కనిపెట్టగలిగాం," అన్నారు. మేం! హార్మోన్ అన్న మాట ఎక్కడా రాలేదు. గర్భసంచి అంతకన్నా రాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూర్చున్న షారోన్ కూడా కొట్టింది.

బయట చెప్పుల దగ్గర అన్నమ్మ గారు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. "ఆ రెండో మందేంటమ్మా?" అన్నారు గుసగుసగా. చెప్పాను, పూర్తి పేరుతో. ఆవిడ మొహం మారింది. "నాకూ తీసేశారు కదమ్మా. నేనూ అవే... ఆయాసానికి స్టెరాయిడ్ కూడా ఇస్తుంటారు అప్పుడప్పుడూ. ఈయనకి..."

ఇంతలో ఆవిడ భర్త వచ్చారు. "వెళ్దామా? ఏంటి సంగతులు?"

"ఏం లేదండీ," అన్నారు అన్నమ్మ గారు, వెంటనే.

"ఏం లేకపోవడం కాదండీ," అన్నాను నేను. "ఆవిడ వాడే మందులన్నీ డాక్టర్‌కి ఆవిడే చెప్పాలి. ఆ రోజు మీరు బయట కూర్చోండి." ఆయన నన్ను అదోలా చూసి ఆవిణ్ణి తీసుకుని వెళ్ళిపోయారు. మందులింకా పూర్తిగా దిగలేదనుకుని ఉంటారు.

మేం కారు దగ్గరికి వచ్చాం. షారోన్ ఆగింది.

"ఎందుకమ్మా ఆపేశావు మందులు? అంత కోపమేంటి నీకు, చచ్చిపోవాలనుకున్నావా?"

అది అన్ని నెలలుగా మనసులో పెట్టుకున్నది అదన్నమాట. మా ఆయన కారు తాళం చేతిలో పట్టుకుని మాకు ఎదురుగా ఉన్నారు. చెప్పడానికి నా దగ్గర బోలెడు మాటలున్నాయి.

"నా తరఫున మీ నాన్న చాలా చెప్పారు," అన్నాను. "ఇది ఆయన విషయం. ఆయన్నే అడుగు."

షారోన్ ఆయన వైపు తిరిగింది. ఆయన తాళం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "అది... స్టెరాయిడ్ విషం, ముందది ఆపేయమని అన్నయ్య అన్నాడు. నేను డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు."

"మరి డాక్టర్ ఆపమన్నారని అమ్మకెందుకు చెప్పావు డాడీ?"

ఆయన నా వైపు చూశారు. ఇరవై ఏళ్ళకు పైగా నా బదులు జవాబు చెప్పిన మనిషికి, తన బదులు చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు. నేను చెప్పొచ్చు. "ఆయనకు భయమేసింది, నువ్వు ఇంటికి రావాలనే చేశారు" అని సర్దిచెప్పొచ్చు. నేను చెప్పలేదు. ఆ మాట నిజమే కావచ్చు, అయినా నేను చెప్పలేదు.

ఆ సాయంత్రం షారోన్ బ్యాగుతో ఇంటికి వచ్చేసింది. నేను దాన్ని ఏమీ అడగలేదు. రెండు చపాతీలు ఎక్కువ చేశాను.

ఇప్పుడు

ఇది చదివే ఆడవాళ్ళకు రెండు ముక్కలు. స్టెరాయిడ్ మాత్రను మీ అంతట మీరు ఆపకండి, ఇంకొకర్ని ఆపనివ్వకండి. డాక్టరు ఆపమన్నాడని ఎవరైనా చెబితే మీరే ఫోన్ చేసి అడగండి. పోపుల డబ్బా వెనక ఉన్నవి కూడా మందులే. నల్ల కవర్లో వచ్చినవి కూడా మందులే. డాక్టరు ప్రశ్న పక్క కుర్చీకి వేస్తే, మీరు మధ్యలోకి వెళ్ళి జవాబు చెప్పండి. సిగ్గు అనిపిస్తుంది. నాకూ అనిపించింది, దాని ఖరీదు నేను చూశాను.

మగవాళ్ళకు చెప్పడానికి ఏమీ లేదు. వాళ్ళు ఇంతదాకా చదివి ఉండరు.

మా ఆయనతో నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఒకే ఇంట్లో ఉంటున్నాం, కూర ఏం తేవాలో అడుగుతారు, చెబుతాను. ఫ్రిజ్ మీది డబ్బాలో ఇప్పుడు నా జెల్ ట్యూబు కూడా ఉంది, అందరికీ కనబడేలా, ముందు వరసలో. ఆయన బీపీ మాత్రల కోసం దాన్ని జరిపి తీసుకుంటారు, మళ్ళీ ముందుకే పెడతారు. క్షమించానా అని అక్క, అంటే బావగారి భార్య, అడిగింది. ఇంకా లేదని చెప్పాను.

మొన్న సోమాజిగూడ ఆసుపత్రిలో చెకప్. ఆయనే కారులో తీసుకెళ్ళారు. గేటు ముందు ఆపాక వాచ్‌మన్ మామూలుగానే వెనక గల్లీ చూపించాడు.

"ఒక్క ఐదు నిమిషాలు ఇక్కడే నిలబడు కరుణా. పార్క్ చేసి వస్తాను, ఇద్దరం కలిసి వెళ్దాం," అన్నారు మా ఆయన.

నేను ముందు సీట్లోంచి ఫైలు తీసుకుని దిగాను. ఎవరి భుజమూ పట్టుకోకుండానే దిగాను. వెనక తలుపు తెరుచుకుంది. షారోన్ కూడా దిగింది.

"నువ్వెక్కడికి?" అన్నారాయన.

"అమ్మకి తోడు," అంది. "లోపలికి కాదులే. బయట కూర్చుంటా."

నేను కారు తలుపు వేస్తూ కిటికీలోకి వంగాను.

"మీరు నిదానంగా వెతుక్కోండి," అన్నాను. "తొందరేం లేదు."